తాతయ్య జేబులో పాఠం

"ఏమే! మీ తాతయ్య ఏడీ?"

అమ్మమ్మ కేకకి ఇల్లు అదిరింది. హాల్లో స్టూలెక్కి ఫ్యాను రెక్కలు తుడుస్తున్న నాన్న ఉలిక్కిపడి తడిగుడ్డ వదిలేశాడు. అది తిన్నగా వచ్చి ఆయన నెత్తి మీదే పడింది.

తాతయ్య పోయి చాలా ఏళ్ళయింది. ఆ సంగతి ఇంట్లో అందరికంటే అమ్మమ్మకే బాగా తెలుసు. అందుకని నాన్న కంగారుగా స్టూలు దిగి లోపలి గదిలోకి పరుగెత్తాడు.

అమ్మమ్మ అప్పుడే బజారు నుంచి వచ్చినట్టుంది. ఒక చేతిలో కూరగాయల సంచి అలాగే ఉంది. రెండో చేత్తో కంప్యూటర్ తెర వైపు చూపిస్తోంది. ఆ తెర మీద పొద్దుటిదాకా ఇంట్లోవాళ్ళందరూ కలిసి దిగిన ఫొటో ఉండేది. ఇప్పుడక్కడ మంచుకొండలూ, వాటి ముందు ఒక నీలం చెరువూ ఉన్నాయి. చూద్దామంటే ఒక్క మనిషి లేడు.

"బాగుందా అమ్మమ్మా?" అంది టపటప, చక్రాల కుర్చీలో గిర్రున తిరుగుతూ. "అప్‌డేట్ కూడా చేసేశా. నీ కంప్యూటర్ ఇప్పుడు ఎంత ఫాస్టో చూడు!"

టపటప అంటే అమ్మమ్మ మనవరాలు. ఆరో తరగతి చదువుతోంది. అసలు పేరు బడి హాజరు పట్టీలో భద్రంగా ఉంది కానీ దాన్ని వాడేవాళ్ళు తక్కువ. ఈ పిల్ల కీబోర్డు మీద టపటపా కొడుతుంది. మెట్లు టపటపా దిగుతుంది. ఎదుటివాళ్ళు అడగడం పూర్తికాకముందే టపటపా జవాబు చెప్పేస్తుంది. సగంసార్లు ఆ జవాబు వాళ్ళు అడగబోయినదానికి అయి ఉండదు.

"నా పాఠం ఎక్కడ పెట్టావే?" అంది అమ్మమ్మ.

"ఏ పాఠం?"

"పన్నెండో పాఠం. తాతయ్య జేబులో ఉంది కదా!"

టపటప తిరగడం ఆపింది. నాన్న నెత్తి మీది గుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఇద్దరూ అమ్మమ్మ మొహంలోకి చూశారు.

"అత్తయ్యా, కాసేపు కూర్చోండి. ఎండన పడి వచ్చారు," అన్నాడు నాన్న.

"నాకేం ఎండదెబ్బ తగల్లేదు బాబూ!" అమ్మమ్మ సంచిని ధబ్బున కింద పెట్టింది. "మీ కూతురు నా కంప్యూటర్‌ని ఏం చేసిందో ముందది అడగండి!"

ఏం చేసిందో నేను చెబుతాను.

అప్‌డేట్ పెట్టె సంగతి మీకు తెలిసే ఉంటుంది. మనం ఏదో పనిలో ఉండగా తెర మూలనుంచి తన్నుకొస్తుంది. 'కొత్త అప్‌డేట్ సిద్ధంగా ఉంది' అంటుంది. కింద రెండు బటన్లుంటాయి. ఒకటి 'ఇప్పుడే'. రెండోది 'తర్వాత'. 'కాసేపు నన్ను నా పని చేసుకోనివ్వు' అనే మూడో బటన్ పెట్టాలని మాత్రం ఏ మహానుభావుడికీ తోచలేదు. అమ్మమ్మ ఎప్పుడూ 'తర్వాత' నొక్కేది. అది మర్నాడు మళ్ళీ వచ్చేది. అమ్మమ్మ మళ్ళీ 'తర్వాత' నొక్కేది. ఇద్దరిలో ఎవరికీ విసుగు రాలేదు. చూసేవాళ్ళకి మాత్రం వచ్చింది.

"అలా వాయిదా వేయకూడదు అమ్మమ్మా. వైరస్‌లు వస్తాయని మా కంప్యూటర్ టీచర్ చెప్పారు," అనేది టపటప.

"చేద్దాంలే. ఈ పాఠాలు పూర్తి కానీ," అనేది అమ్మమ్మ.

టీచర్ చెప్పింది నిజమే. అమ్మమ్మ అన్నదీ నిజమే. కానీ ఈ ఆదివారం పొద్దున అమ్మ ఆసుపత్రిలో డ్యూటీకి వెళ్ళింది, అమ్మమ్మ బజారుకి వెళ్ళింది, నాన్న ఫ్యాను తుడిచే పనిలో పడ్డాడు. టపటప వచ్చి 'ఇప్పుడే' నొక్కేసింది.

తెర మీద ఒక చిన్న సున్నా గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. 'దయచేసి కంప్యూటర్ ఆపకండి' అని రాసుంది. అది ఇరవై శాతం దగ్గర ఆగింది. చాలాసేపు ఆగింది. టపటపకి కాళ్ళూ చేతులూ ఊరికే ఉండవు కదా. నాన్న ఫోను తీసుకుని ఒక వీడియో పెట్టుకుంది. 'మీ పాత కంప్యూటర్‌ని కొత్తదానిలా మార్చే చిట్కాలు' అని దాని పేరు. ఆ వీడియోలో చిట్కాలు చెప్పే ఆయన టపటప కంటే వేగంగా మాట్లాడుతున్నాడు. అందుకే ఆయన ఆమెకి తెగ నచ్చాడు.

అప్‌డేట్ అయ్యీ అవ్వగానే చిట్కాలన్నీ వరసగా చేసేసింది. పాత ఫొటో తీసేసి కొండల బొమ్మ పెట్టింది. తెర మీద ఇష్టమొచ్చినట్టు పడి ఉన్న ఫైళ్ళన్నిటినీ ఒక్క క్లిక్‌తో ఎడమ పక్కన బారులు తీర్చింది. ఎక్కువ చోటు తింటున్న పెద్ద ఫైళ్ళు ఏవో చూసి, వాటిని చెత్తబుట్టలో వేసింది.

ఇప్పుడు అసలు చిక్కు చెప్పాలి.

అమ్మమ్మ చిన్న వయసు నుంచీ తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగం చేసింది. ఆమె ముందు గోడంతా చెక్క గూళ్ళు ఉండేవి. ఒక్కో గూడు ఒక్కో వీధిది. గూటి మీద ఏం రాసుందో చూసే పనే లేకుండా, చేత్తో విసిరితే ఉత్తరం వెళ్ళి సరైన గూట్లో పడేది. రిటైరయ్యాక ఇంట్లోకి కంప్యూటర్ వచ్చింది. దాని తెర మీద ఉన్న కుటుంబం ఫొటో చూసి అమ్మమ్మ దాన్ని కూడా గూళ్ళ గోడలాగే వాడుకుంది. కరెంటు బిల్లు నాన్న పొట్ట మీద. అమ్మ డ్యూటీ చార్టు అమ్మ జడ దగ్గర. మందుల చీటీ తన చేతిలోనే. ఫొటోలో ముందు కూర్చుని ఏడుస్తున్న చంటిపిల్ల టపటప నెత్తి మీద ఆమె బడి ఫీజు రసీదు. ఇక అన్నిటికంటే ముఖ్యమైనవి మాత్రం తాతయ్య చొక్కా జేబులో.

ఏ ఫైలుకీ పేరు పెట్టలేదు. 'రికార్డింగ్', 'రికార్డింగ్ 2', 'రికార్డింగ్ 3' అని కంప్యూటర్ ఏది పెడితే అదే పేరు. చోటు తెలిసినప్పుడు పేరెందుకు?

అమ్మమ్మ ఇదంతా చెప్పాక, "అంటే తాతయ్య జేబు అంటే అదా!" అన్నాడు నాన్న. ఆయన మొహం తేటపడింది. అంతలోనే మళ్ళీ ముడుచుకుంది. "అత్తయ్యా, నా పొట్ట మీద కరెంటు బిల్లు ఎందుకు పెట్టారు?"

"అక్కడ చోటు ఎక్కువుంది బాబూ," అంది అమ్మమ్మ విసురుగా. "ఇప్పుడు ఆ గొడవెందుకు? సాయంత్రం ఆ పిల్ల వస్తుంది. దానికేం ఇవ్వాలి నేను?"

ఆ పిల్ల అంటే పక్క వీధిలో ఉండే డిగ్రీ అక్క. ఆమెకి కళ్ళు కనిపించవు. కాలేజీ పుస్తకాలు చాలావాటిని ఆమె ఫోనే చదివి వినిపిస్తుంది. ఈ చరిత్ర పుస్తకం మాత్రం బాగా పాతది. అచ్చు అలికేసినట్టు ఉంటుంది. ఫోను దాన్ని చదవబోయి, రెండు మాటలకే గొణగడం మొదలుపెడుతుంది. అందుకని అమ్మమ్మ ఒక్కో పాఠం పైకి చదివి రికార్డు చేసి ఇస్తోంది. మొదటి పదకొండు పాఠాలూ అక్క ఫోనులోకి ఎప్పుడో వెళ్ళిపోయాయి. మిగిలింది చివరిది. అన్నిటికంటే పొడవైనది. వారమంతా కూర్చుని గొంతు బొంగురుపోయేలా చదివి, నిన్ననే పూర్తిచేసింది అమ్మమ్మ.

అక్కకి పరీక్ష రేపు పొద్దున్నే.

"ఇంతేనా! ఉండు, నేను వెతుకుతా," అంది టపటప. మౌసు లాక్కుంది. టకటకా పైకీ కిందికీ తిప్పింది. తర్వాత కొంచెం మెల్లగా తిప్పింది. తర్వాత చెయ్యి ఆగిపోయింది.

"ఏమైంది?" అన్నాడు నాన్న.

"పెద్ద ఫైళ్ళు తీసెయ్యమన్నాడు నాన్నా, నీ ఫోనులో చూసిన వీడియోలో ఆయన."

"తీసేస్తే చెత్తబుట్టలో ఉంటుందిగా. వెనక్కి తెచ్చుకో."

"చెత్తబుట్ట కూడా ఖాళీ చేసేశా," అంది టపటప. గొంతు సన్నబడిపోయింది. "దాని తర్వాతి చిట్కా అదే."

నాన్న ఫోను తీసి ఆ వీడియో మొదటినుంచి పెట్టాడు. వీడియోలో ఆయన గబగబా మాట్లాడుతున్నాడు. 'మొదటి చిట్కా. ఇది అన్నిటికంటే ముఖ్యం. దేన్నైనా తీసేసే ముందు అది ఎవరిదో వాళ్ళని ఒక్కమాట అడగండి. కావలసిన ఫైళ్ళకి ఇంకోచోట కాపీ పెట్టుకోండి. ఆ తర్వాతే...'

"ఇది నువ్వు వినలేదా?"

"మొదట్లో ఎప్పుడూ అందరూ నమస్కారం, ఎలా ఉన్నారు, బాగున్నారా అని సాగదీస్తారు నాన్నా. అందుకని ముందుకి జరిపేశా."

నాన్న తల పట్టుకున్నాడు. "తీసేసినవాటిని షాపులో ఒక్కోసారి వెనక్కి తెప్పిస్తారు అత్తయ్యా. కానీ ఇవాళ ఆదివారం. తెరిచి ఉండదు."

"రేపు తెరుస్తారు. రేపు దానికి పరీక్ష అయిపోతుంది," అంది అమ్మమ్మ. కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడిచింది. అది శుభ్రంగానే ఉంది. అయినా తుడుస్తూనే ఉంది.

టపటప మళ్ళీ మౌసు పట్టుకుంది. "పోలేదేమో అమ్మమ్మా! ఇంకా చాలా రికార్డింగులున్నాయి. వీటిలో ఏదో ఒకటి అదే అయ్యుంటుంది. అన్నీ విందాం."

విన్నారు. వేరే దారేముంది?

మొదటి దాంట్లో అమ్మమ్మ దగ్గు. తర్వాత ఆమె గొంతు. "చరిత్ర. పన్నెండో పాఠం. సముద్ర వర్తకం."

"ఇదే! ఇదే!" అని ఎగిరింది టపటప.

"ఓడలు అనుకూలమైన గాలి కోసం రేవుల్లో నెలల తరబడి ఎదురుచూసేవి. తొందరపడి బయలుదేరిన ఓడలు..."

ధడేలుమని తలుపు చప్పుడు. ఆ వెంటనే ఇంకో గొంతు. "అమ్మమ్మా! లే, లే! నాకు ప్రాజెక్టు పనుంది!"

"ఒక్క పేజీ తల్లీ."

"నీ ఒక్క పేజీ నాకు తెలుసు! తెల్లారిపోతుంది!"

టక్. రికార్డింగ్ అయిపోయింది.

"తొందరపడి బయలుదేరిన ఓడలు ఏమయ్యాయి?" అన్నాడు నాన్న.

"అక్కడిదాకా నన్ను పోనిచ్చిందా ఇది?" అంది అమ్మమ్మ.

టపటప రెండోది నొక్కింది. అందులో కూడా ఓడలు గాలి కోసం ఎదురుచూశాయి. అప్పుడే తలుపు తెరుచుకుంది. "అబ్బా, అలా కాదు అమ్మమ్మా! అక్కడ కాదు నొక్కేది! ఇటివ్వు!" టక్.

మూడో దాంట్లో ఓడలదాకా కూడా వెళ్ళలేదు. "ఇంకా ఇదేనా? నీకు ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాదు! జరుగు!" టక్.

ఆ తర్వాతది. "ఇటివ్వు!" టక్. మరొకటి. "అబ్బబ్బా, అమ్మమ్మా!" టక్.

మధ్యలో ఒక దాంట్లో మాత్రం ఎక్కడో కుక్క మొరిగింది. ఆ ఒక్కటీ టపటప తప్పు కాదు.

తన గొంతు బయటినుంచి వింటే ఇలా ఉంటుందని టపటపకి ఇప్పటిదాకా తెలియదు. సన్నగా, గీరగా, చెవిలో గుచ్చుకునేలా ఉంది. బళ్ళో ఎవరైనా తనతో అలా మాట్లాడితే ఊరుకుంటుందా? ఆమె చెవులు ఎర్రగా కందిపోయాయి. నాన్న వైపు చూడలేకపోయింది. అమ్మమ్మ వైపు అసలే చూడలేకపోయింది. వినడం ఆపేద్దామనిపించింది. కానీ పాఠం దొరకాలి కదా.

ఇక ఒక్కటే మిగిలింది. నొక్కింది. అందులోనూ మొదట ఓడలు, తర్వాత తలుపు చప్పుడు, తర్వాత తన గొంతు. "నేను ఆడుకుని వచ్చేసరికి అయిపోవాలి, సరేనా!" తలుపు మళ్ళీ ధడేలుమంది. కానీ ఈసారి టక్ అని వినిపించలేదు. ఆపడం అమ్మమ్మ మర్చిపోయినట్టుంది. కాసేపు గడియారం చప్పుడు మాత్రమే ఉంది. తర్వాత అమ్మమ్మ నెమ్మదిగా ఎవరితోనో మాట్లాడింది.

"చూశారా, మీ మనవరాలికి ఎంత తొందరో? పోనీలెండి, పిల్ల తెలివైంది. నాకే చేతులు సాగవు. దాన్ని విసిగించకుండా నేనే ఇంకొంచెం త్వరగా నేర్చుకోవాలి. ఏదీ, ఎక్కడున్నాను? ఆఁ, ఓడలు..."

అమ్మమ్మ అప్పుడు తెర మీది తాతయ్య ఫొటోతో మాట్లాడుతోందని టపటపకి తెలిసిపోయింది. ఇప్పుడు ఆ తెర మీద తాతయ్య కూడా లేడు. తనే తీసేసింది.

టపటపకి ఏడుపొచ్చింది. పెద్దగానే ఏడ్చింది.

"ఆపవే," అంది అమ్మమ్మ. "నువ్వు ఏడుస్తూ కూర్చుంటే నా పాఠం నడిచి వస్తుందా?" కసురుకుంటూనే కొంగుతో పిల్ల ముక్కు తుడిచింది.

అప్పుడే వీధి గుమ్మం దగ్గర కర్ర చప్పుడైంది. డిగ్రీ అక్క సాయంత్రం వస్తానని చెప్పి మధ్యాహ్నమే వచ్చేసింది.

"అమ్మమ్మగారూ, ఇంట్లో కూర్చోలేకపోయానండీ. కంగారుగా ఉంది. పాఠం తీసుకెళ్ళి ఒకటికి రెండుసార్లు..." అని లోపలికి అడుగువేసి, సరాసరి నాన్న వదిలేసిన స్టూలుని ఢీకొట్టింది. "అబ్బా! ఇదెక్కడిది ఇక్కడ? నిన్న లేదే!"

నాన్న నాలుక్కరుచుకుని హాల్లోకి వెళ్ళి, స్టూలు పక్కకి లాగి ఆమెని లోపలి గదిలోకి తీసుకొచ్చాడు.

టపటప కుర్చీలోంచి లేచింది. "అక్కా, నీ పాఠం పోయింది. నేనే తీసేశా. కంప్యూటర్ బాగుచేద్దామని అమ్మమ్మని అడక్కుండా అన్నీ మార్చేశా."

అక్క మొహం పాలిపోయింది. "పాఠం మొత్తమా?" అంది. "ఆ పాఠంలోంచే పెద్ద ప్రశ్న వస్తుందని మా మేడమ్ చెప్పారు. నువ్వేమో..." మాట పూర్తిచేయకుండా మోకాలు రుద్దుకుంటూ మంచం మీద కూలబడింది. ఆమెకి కోపం వచ్చింది. రాదా మరి?

"తెర మీద ఎక్కడివక్కడ పెట్టుకున్నాను తల్లీ. అన్నీ జరిపేసింది," అంది అమ్మమ్మ.

"జరపడం!" అక్క గట్టిగా నిట్టూర్చింది. "మా ఇంట్లోనూ అంతేనండీ. సర్దుతున్నాం అంటారు. కుర్చీ ఇటు పెడతారు, చెప్పులు అటు పెడతారు. చూసేవాళ్ళకి ఇల్లు అందంగా ఉంటుంది. నాకేమో మోకాలు వాస్తుంది. మొన్న నా ఫోను అప్‌డేట్ అయ్యాక బటన్లన్నీ చోటు మారిపోయాయి. అమ్మకి ఫోన్ చేయబోతే గ్యాస్ కంపెనీకి వెళ్ళింది. వాళ్ళని 'అమ్మా' అని పిలిచాను కూడా."

నాన్నకి నవ్వొచ్చింది కానీ ఆపుకున్నాడు. అక్క ఆపుకోలేదు. కొంచెం నవ్వేసింది. దాంతో గదిలో అందరికీ ఊపిరి అందింది.

"సరేనండీ. పుస్తకం ఉందిగా?" అంది అక్క. "ఇప్పుడే చదవండి. నేను ఇక్కడే కూర్చుని వింటాను. పక్కన రికార్డు కూడా చేస్తే ఇంటికెళ్ళి మళ్ళీ వింటాను."

అమ్మమ్మ గొంతు సవరించుకుంది. గరగరమంది. నాన్న వేడినీళ్ళు తెచ్చి పక్కన పెట్టి, ఫ్యాను చప్పుడు రికార్డింగులో పడుతుందని ఆపేసి, విసనకర్రతో విసరడానికి కూర్చున్నాడు. తలుపు మూశారు. టపటప బయటికెళ్ళి తలుపు మీద కాగితం అంటించి వచ్చింది. 'లోపల చదువుతున్నారు. బెల్లు కొట్టకండి. ముఖ్యంగా టపటప లోపలికి రాకూడదు' అని రాసింది.

"నువ్వు లోపలే ఉన్నావు కదే," అన్నాడు నాన్న.

"ఆ టపటప వేరు," అంది.

అమ్మమ్మ రికార్డు బటన్ కోసం వెతికింది. అప్‌డేట్ అయ్యాక అది ఉన్న చోటునుంచి కిందికి దిగింది. అమ్మమ్మ మౌసు బాణాన్ని అటు తీసుకెళ్ళింది, ఇటు తీసుకెళ్ళింది, దాని పక్కనుంచే పోనిచ్చింది. టపటప చెయ్యి దానంతటదే లేచింది. 'ఇటివ్వు' అన్నమాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె ఆ మాట మింగేసి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది.

"కింద చూడు అమ్మమ్మా. ఎర్ర చుక్క."

"ఎక్కడ?"

"కింద. ఇంకొంచెం కుడికి. ఆ, అదే."

అమ్మమ్మ నొక్కింది. పాఠం మొదలైంది. ఓడలు గాలి కోసం ఎదురుచూశాయి. టపటప ఊపిరి బిగబట్టింది. ఈసారి తలుపు తెరుచుకోలేదు. "తొందరపడి బయలుదేరిన ఓడలు, కొన్నాళ్ళు నడిసముద్రంలో తిరిగి తిరిగి, మళ్ళీ అదే రేవుకి వచ్చి చేరేవి," అని చదివింది అమ్మమ్మ.

'అంతేనా!' అన్నట్టు నాన్న విసనకర్ర ఆపి చూశాడు. టపటప కళ్ళు పెద్దవి చేసి ఆయన్ని హెచ్చరించింది.

సగం పాఠం గడిచింది. రేవులు, సుంకాలు, సుగంధ ద్రవ్యాలు. అక్క కళ్ళు మూసుకుని వేళ్ళతో ఏదో లెక్కపెట్టుకుంటూ వింటోంది. అమ్మమ్మ గొంతు మాత్రం పేజీ పేజీకీ తగ్గిపోతోంది. చివరికి ఒక వాక్యం మధ్యలో పూర్తిగా ఆగిపోయింది. పెదవులు కదిలాయి కానీ మాట రాలేదు. అమ్మమ్మ పుస్తకాన్ని టపటప వైపు జరిపి, ఎక్కడ ఆపిందో వేలుపెట్టి చూపించింది.

టపటప అందుకుంది. పాపం, అలవాటు ఎక్కడికి పోతుంది? మొదటి పేరా రైలు దాటిపోయినట్టు దాటిపోయింది.

"ఆగు ఆగు," అంది అక్క. "నీ వెనక నేను పరుగెత్తలేను."

టపటప సిగ్గుపడి మళ్ళీ మొదటినుంచి చదివింది. అమ్మమ్మ వేలు అక్షరాల కింద నెమ్మదిగా జరుగుతోంది. ఆ వేలు జరిగితే చదివింది. ఆగితే ఆగింది. నోరు తిరగని మాట వస్తే వేలు ఓపికగా అక్కడే నిలబడింది. ఇంత మెల్లగా చదివితే పాఠం అర్థమవుతుందని టపటప అప్పుడే కనిపెట్టింది. వర్తకులు సుంకం ఎగ్గొట్టడానికి మిరియాలు దిండుల్లో కుక్కి తెచ్చేవాళ్ళట. అది చదివి ఆమెకి తుమ్మొచ్చింది. ఆ తుమ్ము రికార్డింగులో పడిపోయింది.

"దాన్ని ఉండనీ," అంది అక్క. "పరీక్షలో మిరియాలు గుర్తుంటాయి."

పాఠం అయిపోయేసరికి కిటికీలోంచి ఎండ వెళ్ళిపోయింది. ఇక దాన్ని దాచాలి. పేరు పెట్టమని తెర మీద గడి వచ్చింది. అమ్మమ్మ అలవాటుగా దాన్ని దాటేయబోయింది.

"అమ్మమ్మా, ఒక్కమాట," అంది టపటప. "పేరు పెడదామా? చోటు మారినా పేరు దాంతోనే ఉంటుంది. ఎవరైనా పిచ్చిదానిలా అన్నీ జరిపేసినా దొరుకుతుంది."

అమ్మమ్మ ఆలోచించి తల ఊపింది. కీబోర్డు మీద ఒక వేలు గాల్లో తిరిగింది. "త... త ఎక్కడుందే?" అని గుసగుసగా అడిగింది.

"నువ్వే వెతుకు. నేను ఉన్నాగా."

వెతికింది. దొరికింది. తర్వాత ఇంకో అక్షరం. మధ్యలో ఒకటి తప్పు పడితే చెరిపి మళ్ళీ కొట్టింది. నాన్న ఈలోగా వెళ్ళి టీ పెట్టుకుని, తాగి, కప్పు కడిగి కూడా వచ్చాడు. టపటప చేతులు ఇంకా తొడల కిందే ఉన్నాయి. అవి తిమ్మిరెక్కాయి. అయినా బయటికి తీయలేదు. చివరికి తెర మీద పేరు కనిపించింది. 'తాతయ్య జేబు పన్నెండో పాఠం.'

పాఠం కాపీ ఒకటి అక్క ఫోనులోకి వెళ్ళింది. నాన్న ఫోనులోకి ఇంకో కాపీ వెళ్ళింది. "మొదటి చిట్కా," అంది టపటప బుద్ధిగా. అక్క తన కర్ర తీసుకుని లేచింది. టపటప ముందే పరుగెత్తి స్టూలు ఎక్కడుందో చూసి, అది దారిలో లేదని చెప్పింది.

అక్క వెళ్ళాక అమ్మమ్మా మనవరాలూ మళ్ళీ కంప్యూటర్ ముందు కూర్చున్నారు. కొండలు పోయాయి. చెరువు పోయింది. తాతయ్య తిరిగి వచ్చాడు, చొక్కా జేబులో పెన్నుతో. అమ్మమ్మ పాఠాన్ని పట్టుకుని జేబు దాకా లాగింది. మౌసు జారి అది నాన్న పొట్ట మీద పడింది.

"పర్లేదు, మళ్ళీ పట్టుకో," అంది టపటప.

రెండోసారి జేబులో పడింది. సరిగ్గా అప్పుడే తెర మూలనుంచి పెట్టె తన్నుకొచ్చింది. పొద్దున చేసిన అప్‌డేట్‌కి ఇంకో చిన్న అప్‌డేట్ ఉందట. కింద అవే రెండు బటన్లు. ఇంట్లో ముగ్గురూ ఒకేసారి "అబ్బా!" అన్నారు.

టపటప మళ్ళీ తొడల కింద పెట్టుకున్న చేతులు ఒక్కసారి కదిలి, ఊరుకున్నాయి.

"ఏం చేద్దాం అమ్మమ్మా?"

"ముందు అందులో ఏముందో చదవాలి కదే," అంది అమ్మమ్మ బొంగురు గొంతుతో. కళ్ళజోడు సరిచేసుకుంది. వేడినీళ్ళు ఒక గుక్క తాగింది. ఆ పెట్టెలో ఉన్నదాన్ని పైనుంచి కిందిదాకా, ఒక్కో మాటా వేలితో చూపిస్తూ, పాఠం చదివినట్టే చదవడం మొదలుపెట్టింది. ఆ పెట్టెని ఇంత శ్రద్ధగా చదివినవాళ్ళు ఈ ప్రపంచంలో ఇంకెవరూ ఉండరు. మధ్యలో దగ్గు వచ్చి ఆగింది. ఎక్కడ ఆపిందో మర్చిపోయి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది.

టపటప చివరిదాకా విన్నది.